మైనస్ అరవై ఒకటి

నాచారం,
9 మార్చి 2025, ఆదివారం

బిడ్డా గౌతమీ,

నిన్న నువ్వు ఫోన్ చేస్తే "ఆ, మంచిది, ఉంటా" అని పెట్టేశాను. మీ అత్తమ్మ నా మీద లేచింది. "మేనకోడలు బెంగుళూరు నుంచి చేస్తే గిదేనా మాట్లాడేది? ఆ పిల్ల ఏమన్న నీ కాంటా మీదికొచ్చిన లారీనా, నంబరు రాసుకుని తోలనీకె?" అన్నది. ఫోన్‌లో నాకు మాట రాదని నీకు తెలుసు. పన్నెండేళ్లప్పుడు నువ్వు స్పోర్ట్స్ హాస్టల్లో చేరిన నాటి నుంచీ మనకు కాగితమే అలవాటు. నీ మోకాలికి ఆ చికిత్స కేంద్రంలో రోజుకు ఎన్నిసార్లు వ్యాయామం చేయిస్తున్నారో రాయి. మెట్లు దిగేటప్పుడు ఏ కాలు ముందు పెడుతున్నావో కూడా రాయి.

మన బాస్కెట్‌బాల్ జట్టు ఉప్పల్ షేర్నీస్ లీగ్ మ్యాచ్‌లు అయిపోయి వారమైంది. పద్దెనిమిదీ చూశాను. తొమ్మిది ఉప్పల్ హాల్లో, తొమ్మిది టీవీలో. ఏడు గెలిచాం, పదకొండు ఓడాం. ఏడు జట్లలో ఐదో స్థానం. నాలుగు జట్లే ముందుకు పోతాయి. నాలుగో జట్టు మనకంటే ఒక్క మ్యాచ్ ఎక్కువ గెలిచింది.

ఇవి అందరికీ తెలిసినవే. నేను చూసింది రాస్తాను. సీజన్ మొత్తం మీద మనం వేసిన పాయింట్లు 1,214. ఇచ్చినవి 1,266. తేడా యాభై రెండు. పద్దెనిమిది మ్యాచ్‌లకు యాభై రెండంటే మ్యాచ్‌కు మూడు పాయింట్లు కూడా పడదు. దీన్ని ఘోర పరాజయమని రాసినవాళ్లకు భాగహారం రాదు.

మొదటి ఐదు మ్యాచ్‌లలో నాలుగు గెలిచాం. అప్పుడు హాల్లో నా పక్కన కూర్చునే చిదంబరం గారు పకోడీలు తెచ్చి పంచేవారు. ఆరో మ్యాచ్ నుంచి కోచ్ పద్ధతి మార్చాడు. చివరి పది నిమిషాలకు కొత్తవాళ్లను పంపడం మొదలుపెట్టాడు. తర్వాతి ఏడు మ్యాచ్‌లలో ఆరు ఓడాం. చిదంబరం గారు పకోడీలు మానేశారు. నా దృష్టిలో ఇది చెడ్డ జట్టు కాదు. మూడు వంతులు బాగా ఆడి నాలుగో వంతులో చెడిన జట్టు.

ఎవరి లెక్క ఎంతో విడిగా ఒక కాగితం మీద రాసి పెడుతున్నాను. నా పద్ధతి నీకు తెలియనిది కాదు, చిన్నప్పుడు నేను లారీలు తూచే కాంటా గదిలోనే హోంవర్క్ రాసుకున్నావు. నీ పేరు ఎదుట మైనస్ అరవై ఒకటి. జట్టు మొత్తంలో అంత పెద్ద అంకె ఇంకెవరిదీ కాదు. నాకేమీ ఆశ్చర్యం లేదు. సగం సీజన్‌లోనే తెలిసింది, ఎవరితోనూ అనలేదు.

చివరి మ్యాచ్ గురించి ఏమీ రాయను.

రిజిస్టర్‌లో అమ్మాయిల పేర్లు ఎప్పటిలాగే పెన్సిల్‌తో ఉన్నాయి. వచ్చే ఏటికి క్లబ్బు ఎవరిని ఉంచుకుంటుందో జాబితా వచ్చాకే వాటిని పెన్నుతో దిద్దుతాను. అంకెలు మాత్రం పెన్నుతోనే ఉన్నాయి.

ఇట్లు
మీ మామ నరేందర్

---

బెంగుళూరు,
13 మార్చి

మామా,

ఉత్తరం అందింది. నీ కాగితం కూడా అందింది. మూడుసార్లు చూసుకున్న.

మోకాలు మంచిగనే ఉంది. పొద్దున గంట, సాయంత్రం గంట. మెట్లు దిగేటప్పుడు ముందు నొప్పి కాలే పెడుతున్న. ఇగ చాలా?

ఇక్కడికొచ్చినంక మొన్న నీకు చేసిందే ఆఖరి ఫోను. తర్వాత ఆపేసిన. తెరిస్తే సాలు, ఆ రెండు షాట్లే. చివరి మ్యాచ్‌ల ఆఖరి నిమిషానికి కోచ్ నన్ను మళ్ల లోపలికి పంపిండు. నాలుగు సెకన్లు మిగిలి ఉన్నయ్, ఒక్క పాయింట్ వెనకున్నం, నాకు రెండు ఫ్రీ త్రోలు. రెండూ పోయినయ్. ఎవడో దానికి ఏడుపు పాట కలిపి పెట్టిండు. మూడు లక్షల మంది చూసిన్రు. "అక్కా, ఇగ అంగన్‌వాడీల ఆడుకో" అని ఒకడు. పద్దెనిమిది మ్యాచ్‌లు ఆడితే జనానికి నాలుగు సెకన్లే యాదికున్నయ్. నేను అన్నీ చదివిన మామా. చదివి నవ్విన. వీళ్లకు ఆట తెల్వదు, ఆట తెలిసిన మనిషి నాచారంల ఒకడున్నడు, ఆయన పద్దెనిమిదీ రాసిండు, ఆయన చెప్తడు అనుకున్న.

నువ్వు చెప్పినవ్. మైనస్ అరవై ఒకటి. జట్టుల అందరికంటే పెద్దది. నీకు ఆశ్చర్యం గూడ లేదు! సగం సీజన్‌లనే తెలుసు! మరి అప్పుడే ఎందుకు చెప్పలే? హాల్ల మూడో వరుసల కూసొని నేను చూసినప్పుడల్లా తల ఊపితివి కద. అది దేనికి ఊపినవ్?

చివరి మ్యాచ్ గురించి రాయవు. రాయకపోయినా అర్థమైంది.

నీకొకటి చెప్పలే. నేను బెంగుళూరు బండి ఎక్కే ముందు మేనేజర్ విక్రమ్ ఒక కాగితం చేతుల పెట్టిండు. వచ్చే ఏడు ఎనిమిది మందినే ఉంచుకుంటరట. "నీ అంతట నువ్వే తప్పుకుంటున్న అని రాసియ్యి గౌతమీ, మర్యాదగా ఉంటది, ముప్పై ఒకటి లోపల" అన్నడు. కారణం రాయనీకె కింద నాలుగు గీతలు ఖాళీగ ఉన్నయ్. సస్తే రాయ అనుకుని బ్యాగు అడుగున పడేసిన.

ఇరవై తొమ్మిదేండ్లు నాకు. ఈ ఆట తప్ప ఇంకోటి నేర్వలే. తీసేస్తే వాళ్లు తీసెయ్యాలె, నేనెందుకు తప్పుకోవాలె అనుకున్న. ఇప్పుడు నీ లెక్క చూసినంక ఏమనుకోవాల్నో తెలుస్తలేదు. ఒక్క మాట సూటిగ రాయి. నేను ఉండాల్నా, పోవాల్నా?

గౌతమి

---

నాచారం,
14 మార్చి, హోలీ

బిడ్డా,

నీ జవాబు ఇంకా రాలేదు. పోస్టు ఆలస్యం కావచ్చు. పొద్దున పేపర్ చూసి రెండు మాటలు రాయాలనిపించింది.

వచ్చే సీజన్‌కు సిరిని కెప్టెన్ చేస్తారని రాశారు. అదే పిల్ల పదింటికి మల్లాపూర్ నుంచి స్కూటీ మీద వచ్చి మీ అత్తమ్మకు రంగు పూసి వెళ్లింది. గులాబీ రంగు. అత్తమ్మ జుట్టు ఇంకా అలాగే ఉంది. మంచి పిల్ల, ఇరవై ఏళ్లు, కాళ్లలో వేగం ఉంది. "కాకా, నా లెక్క చూపియ్యవా" అంటే రిజిస్టర్ తెరిచాను. సిరిది మైనస్ పన్నెండు. నీది మైనస్ అరవై ఒకటి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా విషయం తెలిసిపోతుంది. సిరికి తెలిసినట్టు లేదు, ఊరికే నవ్వింది. ఈ రెండు అంకెలూ క్లబ్బు వాళ్లకు చూపించాలని ఉంది. కానీ నేనెవరిని వెళ్లి చెప్పడానికి?

అత్తమ్మ సకినాలు పార్సిల్ చేయమంటున్నది. విరిగిపోతాయంటే వినడం లేదు.

మీ మామ

---

బెంగుళూరు,
18 మార్చి

మామా,

సకినాలు విరగలే. అత్తమ్మకు చెప్పు.

నేను అడిగినదానికి జవాబు నేను అడగక ముందే పంపినవ్. సిరి పన్నెండు, నేను అరవై ఒకటి. మంచిది. క్లబ్బు వాళ్లకు నువ్వు చూపియ్యక్కర్లేదు, నేనే చూపిస్తున్న. విక్రమ్ ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టి ఇయ్యాల స్పీడ్ పోస్టుల ఏసిన. కారణం గూడ రాసిన. అబద్ధం రాయలే.

జనం తిట్టిన్రని పోతలేను. విక్రమ్ అడిగిండని పోతలేను. అది మాత్రం యాది పెట్టుకో.

ఇగ ఉత్తరాలు వద్దు కొన్ని రోజులు.

గౌతమి

---

నాచారం,
23 మార్చి, ఆదివారం

బిడ్డా గౌతమీ,

వద్దన్నా రాస్తున్నాను. ఇది పూర్తిగా చదువు.

నీ పదమూడో తేదీ ఉత్తరం నాకు పదిహేడున అందింది. ఎందుకు కోపం వచ్చిందో అర్థం కాలేదు. ఇంత మంచి అంకె రాస్తే తిట్టిందేమిటని నాలుగు రోజులు ఆ కాగితం చేతిలో పెట్టుకుని తిరిగాను. ఇరవై ఒకటిన రెండోది వచ్చింది. అత్తమ్మకు చదివి వినిపించాను. ఆమె పొయ్యి ఆపి వచ్చి, "మైనస్ అంటే లేనట్టు కదనయ్యా. పిల్లకు లేదని రాసి పంపినవా?" అన్నది. అప్పుడు తెలిసింది నేను చేసిన పని.

తప్పు నాది. అంకె వేసి దాని పైన అది దేని అంకెనో రాయలేదు. ముప్పై ఒక్క ఏళ్లు కాంటా మీద రాసిన పద్ధతిలోనే రాశాను, లోకమంతా అలాగే రాస్తుందనుకుని.

నా పద్ధతి ఇది. లారీ సరుకుతో వస్తే ఒకసారి తూస్తాం. సరుకు దింపి ఖాళీగా పోయేటప్పుడు ఇంకోసారి తూస్తాం. సరుకును విడిగా ఎప్పుడూ తూయం. అది దిగిపోయాక బండి ఎంత తేలికైందో చూసి, ఆ తగ్గినదాన్ని మైనస్ పెట్టి రాస్తాం. ఆ మైనస్సే సరుకు బరువు.

నిన్నూ అలాగే తూచాను. కోచ్ నిన్ను బెంచీ మీద కూర్చోబెట్టిన ప్రతిసారీ స్కోరు రాసుకున్నాను. మళ్లీ నువ్వు లేచేటప్పుడు రాసుకున్నాను. నువ్వు కూర్చున్న నిమిషాలన్నీ కలిపితే జట్టు అరవై ఒక్క పాయింట్లు పోగొట్టుకున్నది. మైనస్ అరవై ఒకటి నువ్వు లేనప్పటిది. సీజన్ మొత్తం తేడా యాభై రెండే కదా. అంటే నువ్వు కోర్టులో ఉన్నంతసేపూ ఈ ఓడిపోయిన జట్టు తొమ్మిది పాయింట్లు ముందున్నది. సిరి కూర్చుంటే పోయింది పన్నెండే. సిరి ఆడుతుంటే పోయింది నలభై. నేను పక్కపక్కన పెట్టి చూడమన్నది ఇందుకు.

హాల్లో నేను తల ఊపింది కూడా ఇందుకే.

చివరి మ్యాచ్ సంగతి. నువ్వు ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడ్డప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. రెండుసార్లూ. జనం అరుపు విని తెలుసుకున్నాను. రిజిస్టర్‌లో ఆ చోటు ఖాళీగా ఉంది. కాంటా ముల్లు చూడకుండా అంకె వేయకూడదు, చూడనిది నేను రాయను. అందుకే రాయలేదు. అది నీ తప్పు కాదు, నా పిరికితనం.

ఇక నిన్నటి సంగతి. క్లబ్బుకు వెళ్లాను.

నువ్వాడిన తొమ్మిదేళ్ల రిజిస్టర్లూ సంచిలో పెట్టుకుని ఉప్పల్ డిపో వెనక వాళ్ల ఆఫీసుకు పదకొండింటికి చేరాను. విక్రమ్ ఉన్నాడు, కోచ్ రాఘవేంద్ర ఉన్నాడు. నేను చెప్పాల్సింది దారిలో నాలుగుసార్లు అనుకున్నాను. అక్కడ కూర్చున్నాక అవన్నీ వదిలేసి రిజిస్టర్ తెరిచి బల్ల మీద పెట్టాను.

విక్రమ్ అన్నాడు: "కాకా, గివన్నీ మా కంప్యూటర్ల ఉంటయ్. నీకెందుకు కష్టం?"

"తీయండి" అన్నాను.

రాఘవేంద్ర తీసి చూశాడు. "ప్లస్ తొమ్మిదే ఉందండీ గౌతమిది. ఈయన చెప్పింది కరెక్టే" అన్నాడు. అతను మన వైపు మనిషి కాదు, అయినా అంకె దగ్గర నిజాయితీ ఉంది. ఒక్క పాయింట్ కూడా తేడా రాలేదు బిడ్డా. వాళ్ల కంప్యూటర్‌కూ నా పెన్నుకూ.

"మరి చివరి పది నిమిషాలు ఎందుకు కూర్చోబెట్టారు?" అని అడిగాను.

"మోకాలు కాపాడదామనండీ" అన్నాడు.

విక్రమ్ నవ్వాడు. "తొమ్మిది ఏం లెక్క కాకా? జనం ఆ రెండు షాట్లే యాది పెట్టుకున్నరు. టికెట్ కొనేది జనం. నీ రిజిస్టర్ కొంటదా?"

"తొమ్మిది చూశారు. అరవై ఒకటి చూడలేదు" అన్నాను.

"అయినా ఇప్పుడేం లాభం లేదు. ఆమెనే రాసిచ్చింది" అని సొరుగులోంచి నీ కాగితం తీసి చదివాడు. "'మా మామ నరేందర్ లెక్క ప్రకారం జట్టుకు అందరికంటే ఎక్కువ నష్టం నా వల్లే జరిగింది. ఆయన లెక్క తప్పదు. కాబట్టి తప్పుకుంటున్నాను.' చూసినవా కాకా? నువ్వే తీసేసినవ్ నీ మేనకోడల్ని."

కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత నా చెయ్యి తనకు ఏది అలవాటో అది చేసింది.

కాంటా మీద చీటీ తప్పుగా పోతే దాన్ని తూచినవాడే రద్దు చేయాలి. డ్రైవర్ చేయకూడదు, మేనేజర్ చేయకూడదు. "ఒక్కసారి ఇటివ్వండి" అని కాగితం తీసుకున్నాను. మూల నుంచి మూలకు రెండు గీతలు కొట్టాను. మధ్యలో "రద్దు" అని రాశాను. కింద సంతకం, తేదీ, సమయం 11.40.

విక్రమ్ లేచి నిలబడ్డాడు. "కాకా! ఏం జేస్తున్నవ్? అది క్లబ్బు కాగితం!"

"కాగితం మీదే. లెక్క నాది. నా లెక్క అని ఆమే తన చేత్తో రాసింది కదా. ఆ లెక్కను ఆమె తప్పుగా చదివింది. తప్పు చీటీ చెల్లదు."

"ఇదేమన్న నీ కాంటానా?"

"కాదు. కాంటా అయితే ఇంత దూరం రానివ్వను."

అతను కాగితం లాక్కుని చించబోయాడు. "చించొద్దు. రద్దయిన చీటీ పుస్తకంలోనే ఉండాలి. రేపు ఎవరైనా అడిగితే చూపించాలి" అన్నాను. రాఘవేంద్ర ముఖం పక్కకు తిప్పుకుని నవ్వాపుకున్నాడు. నేను రిజిస్టర్లు సంచిలో సర్దుకుని వచ్చేశాను. రింగు రోడ్డు దాకా నడిచి ఒక చాయ్ తాగాను.

నువ్వు ఉండాలా పోవాలా అని అడిగావు. ఉండాలి. సూటిగా రాయమన్నావు, రాశాను.

అత్తమ్మ ఒక మాట రాయమంటున్నది. "ఆ విక్రమ్ గాడు మన గల్లీకి రానీ, హోలీ రంగు ఇంకా మిగిలింది" అట.

మీ మామ

---

బెంగుళూరు,
1 ఏప్రిల్

మామా, మా మామా,

నీ ఉత్తరం ఇక్కడ ఫిజియో గదిల చదివిన. మోకాలికి మంచు కట్టి ఉంది, లేవరాదు. ఏడ్చిన, నవ్విన, పక్క మంచం మీద కేరళ పిల్ల నర్సును పిలిచింది.

నా బుద్ధికి ఏం పుట్టిందో! నీ కాంటా గదిల ఆరేండ్లు కూసున్న. లారీ పోయినంక నువ్వు చీటీ మీద మైనస్ కొడితే, పెద్ద మైనస్ వచ్చినప్పుడు డ్రైవర్ ఖుషీగ పోతుండె. అది సూసి గూడ మరిచిన. నీ అంకె మీద నాకు అంత నమ్మకం మామా, అది నన్ను పొమ్మన్నా పోదామనుకున్న. ఇగ మీదట అంకెతోని ఒక మాట గూడ రాయి. జర మాటలు ఖర్చు చెయ్యి.

విక్రమ్ ఇక్కడి ఆఫీసు ఫోనుకు చేసిండు. "మీ మామ కాగితం ఖరాబు చేసిండు, కొత్తది పంపుత, మళ్ల సంతకం పెట్టు" అన్నడు.

"మా మామ రద్దు చేసిండు కద. రద్దయినదాని మీద మళ్ల సంతకం పెట్టరు" అన్న.

"గౌతమీ, నీ మర్యాద కోసమే..."

"నా మర్యాద నేను చూసుకుంట. నన్ను తీసెయ్యాలంటే మీ చేత్తో రాయున్రి. కింద నాలుగు గీతలు కారణం గూడ రాయున్రి. రెండు షాట్లు పోయినయ్ అని రాస్తరా, ప్లస్ తొమ్మిది అని రాస్తరా మీ ఇష్టం. కానీ పేరు మీది ఉండాలె, సంతకం మీది ఉండాలె."

"చూస్తం" అని పెట్టేసిండు.

నిన్న జాబితా వచ్చింది. ఎనిమిది పేర్లన్నరు, ఏడే వేసిన్రు. సిరి కెప్టెన్. ఎనిమిదో చోటుకు ఏప్రిల్ ఇరవైన ట్రయల్స్, ఎవరైనా రావచ్చట. తీసేస్తున్నమని రాయనీకె వాళ్లకు చెయ్యి రాలే. ఉంచుకుంటున్నమని రాయనీకె గూడ రాలే. తొమ్మిదేండ్లు ఆడిన జట్టుల పద్దెనిమిదేండ్ల పిల్లలతోని లైన్ల నిలబడాలె నేను. సిగ్గు పడి రాదనుకుంటున్నరు.

వస్తున్న. పద్నాలుగున డాక్టర్ వదిలిపెడ్తనన్నడు. పదహారుకు నాచారంల ఉంట. దినాం రెండు వందల ఫ్రీ త్రోలు ఏస్తున్న ఇక్కడ. నిన్న నూట డెబ్బై నాలుగు పడినయ్. ఇది నువ్వు చూడలే కాబట్టి నీ రిజిస్టర్‌ల రాయవని తెలుసు. అందుకే చెప్తున్న, ట్రయల్స్‌కి వచ్చి మూడో వరుసల కూసో. నేను గీత దగ్గర నిలబడ్డప్పుడు కండ్లు తెరిచి ఉండాలె. ఒట్టు పెట్టు.

సిరికి నేనే ఆఫీసు ఫోన్ నుంచి చేసి ముబారక్ చెప్పిన. "అక్కా, నువ్వు రాకపోతే నేను బాల్ ఎవరికియ్యాలె?" అన్నది పిచ్చిది.

నీ సరుకు,
గౌతమి

---

నాచారం,
5 ఏప్రిల్ 2025, శనివారం

బిడ్డా,

ఒట్టు. కళ్లు తెరిచే ఉంచుతాను.

ట్రయల్స్‌కు సెలవు పెట్టాల్సిన ఉద్యోగం నాకు లేదు, చిదంబరం గారికి లేదు. ఆయన పకోడీలు తెస్తానన్నారు. అత్తమ్మ కూడా వస్తానంటున్నది. సంచిలో ఏం తెస్తుందో నేను అడగలేదు.

నిన్న హబ్సిగూడలో కొత్త రిజిస్టర్ కొన్నాను. ఈసారి రెండు గడులు గీశాను, ఆడుతున్నప్పటిది ఒకటి, కూర్చున్నప్పటిది ఒకటి. పైన శీర్షికలు రాశాను. అత్తమ్మ చదివి అర్థమైందన్నాకే మిగతా గీతలు కొట్టాను.

మొదటి పేజీలో షేర్నీస్ పేర్లు ఎనిమిది రాశాను. క్లబ్బు ప్రకటించిన ఏడు పేర్లూ పెన్సిల్‌తో రాశాను. నీది పెన్నుతో.

పదహారున నువ్వు వచ్చే బండి ఎన్నింటికో రాయి.

మామ